బెంగళూరు, చుట్టుపక్కల: చూడదగిన చరిత్ర



జపాన్ దేశంలో క్యోటో అని ఒక పాత నగరం ఉంది. క్రీ.శ. 794లో అది ఆ దేశానికి రాజధాని అయింది. పందొమ్మిదో శతాబ్దంలో చక్రవర్తి టోక్యోకు తరలిపోయేదాకా, అంటే వెయ్యేళ్లకు పైగా, చక్రవర్తుల నివాసం అక్కడే. ఇవాళ ఆ ఊరు చూడడానికి నాలుగు దిక్కుల నుంచీ జనం వెళుతుంటారు. 1994లో యునెస్కో సంస్థ ఆ నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చేర్చినప్పుడు ఊళ్లో ఉన్న కోటనూ గుళ్లనూ మాత్రమే లెక్కలోకి తీసుకోలేదు. పక్కనున్న ఉజి, ఒత్సు అనే ఊళ్లలోని కట్టడాలను కూడా కలిపి, మొత్తం పదిహేడు చోట్లను ఒకే చరిత్రగా గుర్తించింది. ఒక ఊరి చరిత్ర ఆ ఊరి పొలిమేర దగ్గర ఆగిపోదన్నమాట.

ఈ సంగతి నేనొక రోజు ఏడో తరగతి పిల్లలకు బొమ్మలు చూపించి చెబుతున్నాను. మా బడి బెంగళూరులో ఉంది. పిల్లల్లో సగం మంది ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడేవాళ్లే. బాగేపల్లి, ముళబాగిలు, మదనపల్లె, హిందూపురం వైపుల నుంచి బతుకుదెరువు కోసం వచ్చిన కుటుంబాలు. ఒక అమ్మాయి లేచి, "సార్, బెంగళూరులో అంత పాతవి ఏమున్నాయి? లాల్‌బాగు, విధానసౌధ చూసేశాం కదా" అంది. ఆమె వెనక కూర్చున్న అబ్బాయి, "ఉన్నా అవి మనవి కావులే, మనం తెలుగోళ్లం" అన్నాడు.

అమ్మాయి ప్రశ్నకు జవాబు వెంటనే చెప్పగలిగాను. అబ్బాయి మాటకు మాత్రం నోరు రాలేదు. ఎందుకంటే చిన్నప్పుడు ఆ మాట నేనూ అనుకున్నదే. మాది చింతామణి తాలూకాలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. చిత్తూరు వైపు చుట్టాల పెళ్లికి పోతే "కన్నడమోళ్లు వచ్చినారు" అనేవారు. చదువుకని బెంగళూరు వస్తే ఇక్కడివాళ్లు నన్ను ఆంధ్రావాణ్ణి చేశారు. సరిహద్దు జిల్లాల్లో ఉండే మీకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

ఆ అబ్బాయికి మాటలతో జవాబు చెప్పడం కన్నా చూపించడం మేలనిపించింది. ఆ ఏడాది సెలవు రోజుల్లో పిల్లలను వెంటబెట్టుకుని ఊళ్లోనూ, ఊరి చుట్టూ తిరిగాను. అలా తిరిగి చూసినవే ఈవేళ మీ ముందు ఉంచుతున్నాను. ఈసారి మీరు బెంగళూరు వచ్చినప్పుడు ఒక పూట తీరిక చేసుకుంటే ఇవన్నీ మీరూ చూడవచ్చు.

మీలో చాలామంది బెంగళూరులో మొదట దిగేది మెజెస్టిక్‌లో, కెంపేగౌడ బస్సు నిలయంలో. అక్కడ దిగగానే ఒక్క క్షణం ఆగి కాళ్ల కిందికి చూడండి. మీరు నిలబడినది ఒక చెరువులో. దాని పేరు ధర్మాంబుధి. ఒకప్పుడు ఊరికి నీళ్లిచ్చిన చెరువు. అది ఎండిపోయి మైదానమైంది. ఆ మైదానంలోనే తరువాత బస్సు నిలయం వెలిసింది. బెంగళూరుకు పక్కన పెద్ద నది లేదు. చెరువులు తవ్వుకుని బతికిన ఊరు ఇది. ఆ విషయంలో మన కోలారు, అనంతపురం పల్లెలకూ దీనికీ తేడా లేదు.

ఈ చెరువుల ఊరిని కట్టినవాడు మొదటి కెంపేగౌడ. ఆయన ఎలహంక నాడప్రభువు, విజయనగర రాజులకు సామంతుడు. 1537లో మట్టికోట కట్టి, పేట వేశాడు. అప్పుడు విజయనగర సింహాసనం మీద అచ్యుతదేవరాయలు ఉన్నాడు. దొడ్డపేట, చిక్కపేట కలిసే కూడలిలో నాలుగు జతల ఎద్దులకు నాగళ్లు కట్టి నాలుగు దిక్కులకూ తోలారనీ, ఆ చాళ్ల వెంబడే వీధులు వేశారనీ ఒక ఐతిహ్యం. ఆ దొడ్డపేటే ఈనాటి అవెన్యూ రోడ్డు. ఎద్దుల కథ ఎంత నిజమో గానీ, కూడలి మాత్రం నేటికీ అక్కడే ఉంది.

మెజెస్టిక్ నుంచి అక్కడికి నడిచి వెళ్లడమే మేలు. దారి పొడవునా పేటల పేర్లు చదువుకుంటూ పొండి. అక్కిపేట బియ్యానిది. అరళెపేట పత్తిది. బళేపేట గాజులది. కుంబారపేట కుమ్మరులది. గాణిగరపేట గానుగవాళ్లది. ఊరు కట్టినప్పుడు ఏ పనివాళ్లను ఎక్కడ కూర్చోబెట్టారో ఈ పేర్లే చెబుతాయి. వీధి పేరంత నిలకడైన శాసనం మరొకటి లేదు. రాజులు మారారు, సరుకులు మారాయి, పేర్లు మాత్రం అలాగే నిలిచాయి. నేత పనివాళ్లైన దేవాంగుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లూ, కన్నడం మాట్లాడేవాళ్లూ ఇద్దరూ ఈ పేటల్లో పక్కపక్కనే మగ్గాలు వేసుకున్నారు.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. కెంపేగౌడ పేరు మీద 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానం ఒకటి ప్రసిద్ధంగా ఉంది. అది తెలుగులో ఉంది. కన్నడ నాట ఊరు కట్టిన ప్రభువు పేరు మీద తెలుగు యక్షగానమా అని మా పిల్లలు ఆశ్చర్యపోయారు. ఆ కాలం వాళ్లకు అందులో ఆశ్చర్యమేమీ లేదు. కెంపేగౌడది మొరసు ఒక్కలిగ వంశం. కోలారు, చిక్కబళ్లాపురం వైపు ఆ వర్గంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు నేటికీ ఎందరో ఉన్నారు. పైగా 1565లో తళ్లికోట యుద్ధం జరిగి హంపి పాడుబడిన తరువాత విజయనగర ప్రభువులు పెనుకొండకు వచ్చారు. అంటే కొన్ని దశాబ్దాలపాటు బెంగళూరు నాయకులకు పై ప్రభువు ఉన్నది మన పెనుకొండలో. కప్పం వెళ్లేది అక్కడికే. బెంగళూరు నుంచి ఉత్తరానికి వెళ్లే దారి ఆనాడు రాజధానికి పోయే దారి.

చిక్కపేటకు దగ్గర్లోనే ధర్మరాయస్వామి గుడి ఉంది. చైత్ర పౌర్ణమి రాత్రి జరిగే కరగ ఉత్సవం ఈ గుడిదే. తిగళ కులస్థులు నడిపే ఈ ఉత్సవంలో కరగ ఎత్తుకున్న పూజారి ఊరేగింపుగా పోతూ తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగుతాడు. మన చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్లలో భారతం చెప్పించి నిప్పులు తొక్కడం చూసినవాళ్లకు ఈ ఉత్సవం కొత్తగా అనిపించదు. ద్రౌపదిని ఇలవేల్పుగా కొలిచే ఆచారం తమిళ నాడు నుంచి చిత్తూరు, కోలారుల మీదుగా ఇక్కడిదాకా ఒకే తీగలా అల్లుకుంది.

పేట దాటి కృష్ణరాజేంద్ర మార్కెట్ పక్కకు వస్తే కోట. కెంపేగౌడ కట్టిన మట్టికోటను హైదరాలీ 1761 ప్రాంతంలో రాతితో మళ్లీ కట్టించాడు. అందులో మిగిలింది ఢిల్లీ ద్వారమూ, కొంత గోడా మాత్రమే. ఆ పక్కన టిప్పు సుల్తాను వేసవి మహలు ఉంది. 1791లో పూర్తయిన ఆ టేకు స్తంభాల మహలు, దాన్ని ఆనుకునే కోటె వెంకటరమణస్వామి గుడి, రెండూ చూడదగినవి.

మహలు పూర్తయిన ఏడాదే కోట పడిపోయింది. 1791 మార్చి 21న కారన్‌వాలిస్ సేనలు గోడ పగలగొట్టి లోపలికి చొరబడ్డాయి. ఆ చోట గుర్తుగా ఒక ఫలకం ఉంది. ఆ సేనలు ఎటునుంచి వచ్చాయో తెలుసా? మద్రాసు నుంచి బయల్దేరి, చిత్తూరు దాటి, మొగిలి కనుమ ఎక్కి, పలమనేరు, కోలారు, హొసకోట మీదుగా వచ్చాయి. మొగిలి ఘాట్ రోడ్డులో బస్సు ప్రయాణం చేసినవాళ్లు ఒకసారి ఊహించుకోండి. ఎద్దులు లాగే ఫిరంగులు ఆ కనుమ ఎక్కిన ఆనవాళ్లు ఈనాడు కనబడవు. కానీ ఇక్కడి కోట గోడ పడింది ఆ దారిన వచ్చిన గుండ్లతోనే.

కోటను గెలిచినవాళ్ల వరసలో మరాఠాలూ ఉన్నారు. 1638లో బిజాపూర్ సేనలతో వచ్చిన శహాజీకి బెంగళూరు జాగీరుగా దక్కింది. ఇతడు శివాజీ తండ్రి. శహాజీ మరో కొడుకు ఏకోజీ ఇక్కడి నుంచే దక్షిణానికి వెళ్లి తంజావూరులో రాజ్యం స్థాపించాడు. ఆ ఏకోజీ కొడుకు షాహజీ తంజావూరులో కూర్చుని తెలుగులో 'పల్లకీ సేవా ప్రబంధం' రాశాడు. మరాఠీ వంశంవాడు, బెంగళూరు జాగీరుదారు మనవడు, తమిళ నాట తెలుగు యక్షగానం రాయడం! ఆ కాలంలో మనుషులు భాషలను అలా వాడుకున్నారు. ఏ ఒక్క భాషా మరో దానికి దారి అడ్డంగా పడుకోలేదు.

అక్కడి నుంచి గవిపురం పొండి. గవి గంగాధరేశ్వరుడి గుహాలయంలో మకర సంక్రాంతి సాయంత్రం ఎండ కిటికీలోంచి దూరి, నంది కొమ్ముల నడుమగా లింగం మీద పడుతుంది. కొంచెం ముందుకు వెళితే బసవనగుడి. కార్తిక మాసం కడపటి సోమవారం అక్కడ కడలెకాయి పరిషె జరుగుతుంది. కడలెకాయి అంటే మన శెనక్కాయ. కొత్త పంట వచ్చే వేళకు చుట్టుపక్కల జిల్లాల నుంచీ, మన సీమ నుంచీ, తమిళ నాడు నుంచీ రైతులు మూటలతో వస్తారు. పంట తినేస్తున్న బసవడిని శాంతింపజేయడానికి గుడి కట్టారని అక్కడి కథ. చరిత్ర చదివినవాళ్లకు ఇక్కడొక చిన్న చిక్కు ఎదురవుతుంది. శెనక్కాయ దక్షిణ అమెరికాలో పుట్టిన పంట. పోర్చుగీసువాళ్లు సముద్రం మీద తిరగడం మొదలైన తరువాతే అది మన దేశానికి వచ్చింది. కనుక ఈ కథ అంతకంటే పాతది కాలేదు. అలాగని కథ అబద్ధమని కొట్టిపారేయకూడదు. కొత్త పంట ఒకటి వచ్చి, రైతు బతుకులో ఎంతగా కలిసిపోయిందంటే, దేవుడు కూడా దాన్ని కోరుకున్నాడు. అసలు చరిత్ర అక్కడుంది.

లాల్‌బాగు సంగతి ఒక్క మాటలో చెబుతాను. 1760లో హైదరాలీ మొదలుపెట్టిన తోట అది. పువ్వులు చూసి వచ్చేయకండి. లోపలున్న బండ ఎక్కండి. దాని వయసు సుమారు మూడు వందల కోట్ల సంవత్సరాలు. ఆ బండ మీద కెంపేగౌడ వంశంవాళ్లు కట్టిన నాలుగు గోపురాల్లో ఒకటి ఉంది. ఊరు ఈ గోపురాలు దాటి పెరగకూడదనుకున్నారట. ఇప్పుడు గోపురం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఊరు అన్నివైపులా దాన్ని దాటి పోయింది.

ఇక ఊరి పేరు. ఒక హొయసళ రాజు వేటలో దారి తప్పితే, ఒక ముసలమ్మ ఉడికించిన గింజలు పెట్టిందనీ, అందుకే 'బెందకాళూరు' అన్నారనీ బళ్లో చెప్పేవారు. హొయసళ రాజు వీరబల్లాలుడి కాలం పన్నెండో శతాబ్దం. కానీ ఊరికి దక్షిణాన ఉన్న బేగూరు నాగేశ్వరాలయంలో ఒక వీరగల్లు ఉంది. అది సుమారు క్రీ.శ. 900 నాటిది. బెంగళూరులో జరిగిన ఒక యుద్ధాన్ని అది పేర్కొంటుంది. అంటే ముసలమ్మ గింజలు పెట్టడానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందే ఈ పేరు ఉంది. కెంపేగౌడ కట్టిన ఊరికంటే పేరు ఆరు వందల ఏళ్లు పాతది. అంతకంటే పాత రాయి కూడా దొరికింది. 2018లో హెబ్బాళలో కాలువ పనులు చేస్తుంటే కిట్టయ్య అనే వీరుడి రాయి బయటపడింది. అది క్రీ.శ. 750 నాటిది.

బేగూరులోనే దొరికిన మరో పెద్ద వీరగల్లును బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంకు చేర్చారు. దాని నిండా ఏనుగులు, గుర్రాలు, కత్తులు దూసిన భటులు. గంగరాజు పక్షాన నొళంబులతో పోరాడి చచ్చిపోయిన నాగత్తరుడనే నాయకుడి స్మారకం అది. ఆ నొళంబులు ఎవరు? వాళ్ల రాజధాని హేమావతి, మడకశిర దగ్గర. నేటి లెక్కలో ఆంధ్రప్రదేశ్. మరి గంగరాజులో? వాళ్లు తమను కువలాల పురాధీశులమని చెప్పుకున్నారు. కువలాల అంటే నేటి కోలారు. కోలారు రాజుకూ మడకశిర రాజుకూ జరిగిన పోరుకు సాక్షిగా బేగూరులో రాయి నిలిచింది. హేమావతి నొళంబులు ఆంధ్ర గడ్డ మీద వేయించిన శాసనాలు ఎక్కువగా కన్నడంలో ఉన్నాయి. వాళ్ల గొడవ రాజ్యానిదే కానీ భాషది కాదు.

బేగూరు రాయి ముందు మా పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని అక్షరాలు కూడబలుక్కున్నారు. కన్నడం వచ్చినవాళ్లు ఒకటి రెండు అక్షరాలు పోల్చుకున్నారు. తెలుగు వచ్చినవాళ్లు మరో రెండు పోల్చుకున్నారు. అది సహజమే. ఆ కాలంలో ఈ రెండు భాషలకూ లిపి దాదాపు ఒకటే. విజయనగర కాలం దాకా ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే నడిచాయి. పందొమ్మిదో శతాబ్దంలో అచ్చు యంత్రాలకు అక్షరాలు పోత పోశాక ఆ రెండింటి మధ్య గీత గట్టిపడింది. క్లాసులో "మనవి కావులే" అన్న అబ్బాయి ఆ రోజు ఆ రాయి దగ్గరి నుంచి చివరగా లేచాడు.

ఇప్పుడు ఊరి బయటికి పోదాం. ఉత్తర దిక్కుగా వెళితే దేవనహళ్లి. 1501లో మల్లబైరేగౌడ కట్టిన మట్టికోట తరువాత రాతికోట అయింది. టిప్పు సుల్తాను 1750లో ఇక్కడే పుట్టాడు. అతని తండ్రి హైదరాలీ పుట్టింది కోలారు జిల్లా బూదికోటెలో. ఆయన చనిపోయింది 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనపేటలో, దండు విడిసిన చోట. బూదికోటె, దేవనహళ్లి, బెంగళూరు, చిత్తూరు. ఒక రాజు పుట్టుక నుంచి చావు వరకూ చూడాలంటే ఈ సరిహద్దు దాటక తప్పదు.

దేవనహళ్లి దాటితే నంది. కొండ మీదికి పొద్దు పొడుపు చూడడానికి వేలమంది పోతారు. కొండ కింద ఉన్న భోగనందీశ్వరాలయంలో ఆగేది తక్కువమంది. తొమ్మిదో శతాబ్దపు గుడి అది. నొళంబుల కాలం నుంచి విజయనగర కాలం వరకూ ఒక్కొక్కరూ కొంత కొంత కట్టుకుంటూ వచ్చారు. స్తంభాల మీద పనితనం చూస్తే లేపాక్షి గుర్తుకొస్తుంది.

నందికి దగ్గర్లోనే ముద్దేనహళ్లి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఊరు. ఆయన సమాధీ, స్మారక భవనమూ అక్కడ ఉన్నాయి. ఇంటిపేరే ఆ కుటుంబం ఎక్కడిదో చెబుతుంది. గిద్దలూరు వైపున్న మోక్షగుండం నుంచి వాళ్ల పూర్వులు వచ్చారు. తెలుగింటి బిడ్డ, కన్నడ దేశపు దివాను. 1912 నుంచి 1918 వరకూ మైసూరు సంస్థానాన్ని నడిపించాడు. ఇందాక జపాను సంగతితో మొదలుపెట్టాను కదా. విశ్వేశ్వరయ్యగారు 1898లోనే ఆ దేశం వెళ్లి చూసి వచ్చారు. బళ్లూ, కార్మాగారాలూ ఆ చిన్న దేశాన్ని ఎంతదూరం తీసుకుపోయాయో ఆయన గమనించారు. చదువూ పరిశ్రమా లేనిదే దేశం బాగుపడదని జీవితాంతం చెబుతూ వచ్చారు. చూడడం అంటే అదీ. వేడుక కోసం చూసినా, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఏదో ఒకటి నేర్చుకుని రావాలి.

మరికొంత తూర్పుకు పోతే కైవారం. అక్కడి నారేయణ యతీంద్రులను జనం తాతయ్య అని పిలుస్తారు. గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరిగిన మనిషి, యోగి అయ్యాడు. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పాడు. మా అవ్వకు చదువు రాదు. ఆమెకు తాతయ్య పాటలు రెండు భాషల్లోనూ వచ్చు. ఏది తెలుగో ఏది కన్నడమో ఆమె ఎప్పుడూ వేరు చేసి చెప్పలేదు. అడిగితే "తాతయ్య పాట" అనేది.

ఇక లేపాక్షి. బెంగళూరు నుంచి సుమారు 120 కిలోమీటర్లు. హిందూపురం పక్కనే. మీలో చాలామంది చూసే ఉంటారు. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే కెంపేగౌడ బెంగళూరు కడుతున్న రోజుల్లోనే, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు వీరభద్రాలయాన్ని కట్టించారు. నేలకు ఆనని స్తంభాన్నీ, ఇరవై ఏడు అడుగుల పొడవున్న ఏకశిలా నందినీ అందరూ చూస్తారు. ఈసారి వెళ్లినప్పుడు ప్రాకారపు గోడల మీది శాసనాలు కూడా చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలుగు ఊళ్లో ఉన్న ఆ గుడి గోడల మీద కన్నడ శాసనాలు ఉన్నాయి. అలాగే కర్ణాటకలోని కోలారు జిల్లాలో తెలుగు శాసనాలు ఉన్నాయి. ఈ రెండు రాష్ట్రాల మధ్య ఇప్పటి గీత గీసింది 1953లోనూ 1956లోనూ. పాలనకు గీత కావాలి, కాదనలేం. కానీ డెబ్బై ఏళ్ల నాటి గీతను పట్టుకుని వెయ్యేళ్ల నాటి రాళ్లను విడదీయబోతే అది జరిగే పని కాదు.

కోలారు శాసనాల గురించి ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే అది ఒక బడిపంతులు చలవ. ఆయన పేరు లూయీ రైస్. 1837లో బెంగళూరులోనే పుట్టిన ఆంగ్లేయుడు. మొదట ఇక్కడి బళ్లో హెడ్‌మాస్టరు, తరువాత బళ్ల ఇన్‌స్పెక్టరు. బళ్లు తనిఖీ చేయడానికి పల్లెలు తిరుగుతూ పొలాల్లో, చెరువు కట్టల మీద ఉన్న రాతలను చూశాడు. అవి చదవడం మొదలుపెట్టి, ఆఖరికి మైసూరు సంస్థానపు పురావస్తు శాఖకు అధిపతి అయ్యాడు. 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' అనే సంపుటాల్లో సుమారు తొమ్మిది వేల శాసనాలను అచ్చు వేయించాడు. బెంగళూరు, కోలారు జిల్లాల సంపుటాలు 1905లో వచ్చాయి.

ఆ కోలారు సంపుటం నేను బి.ఇడి. చదివే రోజుల్లో గ్రంథాలయంలో తిరగేశాను. అందులో మా ఊరి పేరు కనిపించింది. చెరువు కట్ట మీది రాయి అని రాసి, దాని పాఠం ఇచ్చారు. తెలుగులో కొన్ని వరుసలు. చెరువు కట్టించినవాడికి దశవందం మాన్యం ఇచ్చిన సంగతి అది. చెరువు కట్టి, దాన్ని కాపాడేవాడికి దాని కిందే కొంత మడి వదిలిపెట్టేవాళ్లు. ఆ మాన్యాన్ని దశవందం అంటారు. చదవగానే నా ఒళ్లు ఝల్లుమంది. ఆ రాయి నాకు తెలుసు. మా అవ్వ దాని మీదే బట్టలు ఉతికేది. నేను దాని మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకునేవాణ్ణి. గరుగ్గా ఉంటే మడమలు రుద్దుకోవడానికి బాగుంటుందని అనుకున్నామే గానీ, అవి అక్షరాలని ఎవరికీ తోచలేదు.

ఆ వారమే ఊరికి వెళ్లాను. కట్ట మీద రోడ్డు వేశారు. రాయి లేదు. పని చేయించినవాళ్లను అడిగితే, రాళ్లన్నీ కట్ట కింద వేశామన్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. తరతరాలుగా ఊరు ఊరంతా దాని మీద బట్టలు ఉతికింది. అది ఏమిటో ఎవరమూ వాళ్లకు చెప్పలేదు. చెప్పగలిగిన చదువు చదివిన నేను, అప్పటికి ఒక నెల ఆలస్యంగా వెళ్లాను. ఆ రాయిలో ఇప్పుడు మిగిలింది పుస్తకంలోని ఆ నాలుగు వరుసలే. రైస్ దొర గుర్రం మీద ఆ దారిన పోకపోతే అవీ ఉండేవి కావు.

అందుకే శ్రోతలారా, చివరగా ఒక విన్నపం. ఇటీవల బెంగళూరులో, 1909లో స్థాపించిన మిథిక్ సొసైటీ వాళ్లు పాత శాసనాలను వెతికి, కొత్త యంత్రాలతో వాటి రూపాన్ని అక్షరం పోకుండా భద్రపరుస్తున్నారు. ఆ పని చేస్తూ పోతే, రైస్ అచ్చు వేయించినవాటిలోనే ఎన్నో కనబడకుండా పోయాయని తెలుస్తోంది. నగరంలో ఇళ్లు లేస్తున్న కొద్దీ రాళ్లు పోతున్నాయి. మన పల్లెల్లో రోడ్లు పడుతున్న కొద్దీ పోతున్నాయి. మీ ఊళ్లో చెరువు కట్ట మీదో, గుడి వెనకో, పొలం గట్టునో గీతలున్న రాయి ఉంటే దానికి సున్నం కొట్టకండి, రంగు వేయకండి, సిమెంటు పూయకండి. పక్క వెలుతురు పడే పొద్దున పూట ఒక ఫోటో తీసి, మీ ఊరి ఉపాధ్యాయుడికి చూపండి. పురావస్తు శాఖకు ఒక ఉత్తరం రాయించండి. అది తెలుగా, కన్నడమా, తమిళమా అన్నది తరువాత చూసుకోవచ్చు. ముందు రాయి ఉండాలి.

ఆ ఏడాది చివర్లో పిల్లలను వాళ్లు చూసినవాటి గురించి వ్యాసం రాయమన్నాను. ఆ అబ్బాయి బేగూరు రాయి గురించి రాశాడు. సగం కన్నడంలో, సగం తెలుగులో రాసి, "సార్, ఏ భాషలో దిద్దుతారో మీ ఇష్టం" అన్నాడు. పై అధికారులు చూస్తే ఏమంటారో గానీ, నేను రెండు భాషల్లోనూ దిద్ది ఇచ్చాను.